నానోట్యూబ్‌పై లేజర్ పవర్ పెంచే ముందు

లేజర్ పడినప్పుడు కార్బన్ నానోట్యూబ్ (కార్బన్ పరమాణువులతో ఏర్పడిన అతి సన్నని గొట్టం) ఇచ్చే వెలుగు మరీ తక్కువగా ఉంటే చెయ్యి ముందు లేజర్ పవర్ పెంచడానికే పోతుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

కాంతి పడగానే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా తిరుగుతాయి. అదే ఎక్సైటాన్. ఆ జంట తిరిగి ఒకటైనప్పుడే ట్యూబ్ వెలుగు ఇస్తుంది. సన్నని ట్యూబుల్లో ఆ జంటను విడదీయాలంటే 0.3 నుంచి 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గది వేడి ఇచ్చేది సుమారు 0.025. కాబట్టి వేడికి అవి విడిపోవు, రెండు ఎక్సైటాన్లు ఎదురుపడితేనే ప్రమాదం. ట్యూబ్ వెడల్పు ఒక నానోమీటరు అటూఇటూ, పక్కకు తప్పుకునే చోటు లేదు. అలా రెండు ఎదురుపడితే ఒకటి తన శక్తినంతా రెండోదానికిచ్చి మాయమవుతుంది. రెండోది ఆ శక్తిని వేడిగా వదిలేస్తుంది. పవర్ రెట్టింపు చేసినా వెలుగు రెట్టింపు కాకపోవడానికి కారణం ఇదే.

మొదట్లో నేను దీన్ని అలైన్‌మెంట్ (లేజర్ గురి) తప్పనుకుని పవర్ పెంచుతూనే పోయాను. కెమెరాలో మెరుస్తున్న ట్యూబ్ మధ్యలో నల్లబడింది, మళ్లీ వెలగలేదు. అందుకే చెబుతున్నాను: అతి తక్కువ పవర్‌తో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచండి, ప్రతి మెట్టు తర్వాత మళ్లీ మొదటి పవర్‌కు దిగి కొలవండి. పాత సిగ్నల్ తిరిగొస్తే ఎక్సైటాన్లు ఒకదాన్నొకటి చంపుకున్నాయన్నమాట, ట్యూబ్ క్షేమం. రాకపోతే ట్యూబ్‌కు దెబ్బ తగిలిందేమో చూడాలి, ఇక ఆ కొలతలను నమ్మకండి. గాలిలో వేలాడే ట్యూబుల విషయంలో ఇంకా జాగ్రత్త: వేడి పోయే దారి తక్కువ, పక్కనే ఆక్సిజన్.

పల్స్ లేజర్ (కాంతిని చిన్న చిన్న తునకలుగా వదిలేది) వాడుతుంటే పవర్ మీటర్ అంకె చూసి ధీమా పడొద్దు. సగటున 1 మిల్లీవాటే కావచ్చు. సెకనుకు 8 కోట్ల పల్సులు, ఒక్కోటి 100 ఫెమ్టోసెకన్లు (సెకనులో లక్ష కోట్లవ వంతులో పదో వంతు) అనుకుంటే, పల్స్ ఉన్నంతసేపు ట్యూబ్‌పై పడేది దాదాపు 125 వాట్లు. ఒక్క పల్స్‌లోనే ఎక్సైటాన్లు కిక్కిరిసిపోతాయి.

ఇక కళ్లు. ఇన్‌ఫ్రారెడ్ లేజర్ అయితే కాంతి కనబడదు, రెప్ప దానంతట అది మూసుకోదు. ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలే పెట్టుకోండి, వేరే లేజర్ కోసం కొన్నవి పనికిరావు. వాచీ, ఉంగరం తీసేయండి, వాటి మీద పడి తిరిగొచ్చే కిరణం కూడా కంటికి ప్రమాదమే. పొడి నానోట్యూబులు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పొడి తూచేటప్పుడు తప్పనిసరిగా ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె), మాస్క్‌తో. ద్రవంలో కలిపినవి దొరికితే వాటితోనే పని కానివ్వండి.