వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: ‘ఆయ్’ అంటే మాట ఇచ్చినట్టా?

పోయిన పాఠంలో, రైతు చెప్పింది ఆయనకే తిరిగి చెప్పమన్నాను. కాలువ నీటి పంపకం చూసే నీటి సంఘం అధ్యక్షుల్లో చాలామంది అక్కడే తడబడ్డారు. శివారు రైతు, అంటే కాలువ చివర చేనున్న ఆయన, “చేలోకి నీరెక్కట్లేదండి” అంటే, “నీరెక్కట్లేదంటారు” అని చిలకలా అప్పజెప్పారు. ఆయన దాన్ని వెటకారం అనుకున్నాడు. సగం తప్పు నాదే, ఉదాహరణ ఇవ్వలేదు.

ఇలా అడగండి: “ఎగువ తూములు మూసిన రోజు కూడా ఎక్కట్లేదా, వాళ్లు తెరిచినప్పుడేనా?” మూసినా ఎక్కకపోతే బోదెలో (చేలకు నీరు తెచ్చే పిల్లకాలువలో) పూడికో, తూడు, గుర్రపుడెక్క లాంటి నీటి కలుపో ఉన్నట్టు. తెరిచినప్పుడే ఎక్కకపోతే అది నీటి వంతుల తగువు. ఆ ఒక్క ప్రశ్నతో మీరు విన్నారని ఆయనకు తెలిసిపోతుంది. 1957లో అమెరికా మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ ‘యాక్టివ్ లిజనింగ్’ (మనసు పెట్టి వినడం) గురించి రాసినప్పుడు, మాటతో పాటు దాని వెనకున్న బాధనీ పట్టుకోమన్నారు. మన దగ్గర ఆ బాధ ఎక్కువగా లెక్కల్లోనే ఉంటుంది: ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజులు, ఎంత అప్పు.

ఫోన్ జేబులో పెట్టుకోవడం, మధ్యలో అడ్డుపడకపోవడం మీకు తెలిసినవే. వదిలేస్తున్నాను.

నాకు చిరాకు తెప్పించేది ‘ఆయ్’ అనే ఊకొట్టు మాట. గోదావరి జిల్లాల్లో అది ఊపిరంత మామూలు. దాళ్వాలో, అంటే రెండో పంటలో, వరి చేను పొట్ట మీదుంది, వెన్ను ఇంకా బయటికి రాలేదు. “గురువారానికి నీరందకపోతే తాలైపోద్దండి” అన్నాడు రైతు. మీరు “ఆయ్” అన్నారు. మీ లెక్కలో అది ‘విన్నాను’. ఆయన లెక్కలో ‘గురువారం నీరొస్తుంది’. ఆ వెనకే ఎగువ రైతొచ్చి “మా వంతు తగ్గించకండి” అంటాడు. ఆయనకీ “ఆయ్”. సాయంత్రం ఇద్దరూ ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారు. ఇద్దరికీ మీరు మాటిచ్చినట్టే! గురువారం నీరు రాదు. తర్వాతి సమావేశానికి శివారు రైతు వస్తాడు, కూర్చుంటాడు, నోరు విప్పడు. గొడవ లేదు కదా అని మీరు సంతోషిస్తారు. ఆయన అప్పటికే ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరికి వెళ్లొచ్చి ఉంటాడు. ‘చూద్దాం లెండి’ది ఇంతకన్నా పెద్ద పాపం. అది ‘కాదు’ అని పెద్దాళ్లకు తెలుసు, కుర్రాళ్లు మాత్రం నమ్ముతారు.

అందుకే ‘ఆయ్’ తర్వాత ఆగకండి. ఏం విన్నారో, మీ చేతిలో ఏముందో, ఎప్పుడు తిరిగొస్తారో మూడూ చెప్పండి. “గురువారానికి నీరు కావాలంటున్నారు. తూము నా చేతిలో లేదు, కాలువ చూసే లస్కరునీ ఏఈ గారినీ అడగాలి. బుధవారం సాయంత్రం 5 గంటలకు మీ గట్టు మీదకే వస్తాను. కుదరలేదన్న కబురైనా నేనే వచ్చి చెప్తాను.” ఆ చివరి వాక్యం ఎగ్గొడితే ముందు చెప్పిందంతా దండగ. సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం నీటి సంఘానికి అధికారం ఇచ్చింది గానీ, నమ్మకం ఏ జీవోతోనూ రాదు.

ఇంకొకటి. కౌలు రైతు భూయజమాని ముందు మాట్లాడడు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో, కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు కార్డుకు 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాల్సి వచ్చింది. ఆ సంతకం పెట్టే మనిషి పక్కనుంటే ఎవరు నోరు విప్పుతారు? విడిగా, చేలో కలవండి. కుర్చీ వేయించుకోకండి.

అభ్యాసం: 10 రోజుల పాటు ఒంటరి ‘ఆయ్’ మానండి. జేబు పుస్తకంలో పేరు, ఆయన అన్న మాట యథాతథంగా, మీరు చెప్పిన రోజు రాయండి. నాకు ఫోన్లో రాసుకోవడం నచ్చదు, ఎదుటి మనిషి మీరు వాట్సాప్ చూస్తున్నారనుకుంటాడు. ఒక వంతు రాత్రి, నీరు 2 గంటలకు చేరేదైతే 2 గంటలకే ఆఖరి బోదె దగ్గర ఉండండి. టార్చి, చెప్పులు మరవకండి, గట్ల మీద పాములుంటాయి. బుధవారం వస్తానని చెప్పిన చోటికి వాన పడినా వెళ్లాలి. గొడుగు వేసుకెళ్లండి.