స్కేల్ మోడల్ కారు తయారీ: మన ఎండలో, మన దుమ్ములో రంగు కుదిరేలా

మోడల్ కారును చేతిలోకి తీసుకున్నవారు ఎవరైనా ముందుగా చూసేది పైరంగునే. ట్యాంకులూ యుద్ధ విమానాలూ తయారుచేసేవారికి మట్టి మరకలు, తుప్పు చారలు, పొగమసి అండగా ఉంటాయి. చేతి లోపాలు వాటి చాటున సర్దుకుపోతాయి. కారుకు ఆ వెసులుబాటు లేదు. షోరూములో నిలిపిన బండిలా మెరవాలి కాబట్టి ఒక్క నలుసు పడినా, ఒక్క గీత మిగిలినా దీపం వెలుగులో ఇట్టే దొరికిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ పని మొదలుపెట్టేవారికి రంగు ఎలా వేయాలో తెలిస్తే సరిపోదు, ఏ కాలంలో ఏ పూట వేయాలో కూడా తెలియాలి. కిట్టుతో, అంటే కూర్చుకోవాల్సిన ప్లాస్టిక్ విడిభాగాల పెట్టెతో, వచ్చే సూచనల పత్రంలో ఈ సంగతి ఉండదు. అందుకే మిగతా పనులను క్లుప్తంగా చెప్పి, బాడీ రంగు గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు కొలత సంగతి. 1:24 స్కేలు అంటే అసలు కారులోని 24 మిల్లీమీటర్లు మోడల్‌లో ఒక మిల్లీమీటరు అవుతాయి. మనందరికీ తెలిసిన మారుతి 800 పొడవు 3335 మిల్లీమీటర్లు, వెడల్పు 1440. అదే 1:24లో సుమారు 139 మిల్లీమీటర్ల పొడవు, 60 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. జానెడులో సగానికి కాస్త ఎక్కువన్నమాట. జపాన్, యూరప్ కిట్లు ఎక్కువగా 1:24లోనూ, అమెరికా కిట్లు 1:25లోనూ వస్తాయి. 1:43లో భాగాలు మరీ చిన్నవి కాబట్టి కొత్త చేతికి లొంగవు. 1:18లో దొరికేవి చాలావరకు ముందే తయారుచేసి అమ్మే లోహపు కార్లు. మొదటిసారి 1:24లో, బానెట్ తెరుచుకోని, ఇంజను లేని కిట్టును ఎంచుకోవడం మంచిది. షిజువోకాకు చెందిన టామియా కంపెనీ కిట్లలో ఇటువంటివి చాలా ఉన్నాయి, వాటి భాగాలు సర్దుబాటు లేకుండానే ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. మొదటి కారుకు తెలుపో లేత నీలమో వేయండి. నలుపు మాత్రం వద్దు, అది దాచేది ఏమీ ఉండదు.

పనిముట్లలో సగం మన ఊళ్లోనే దొరుకుతాయి. నీళ్లతో రుద్దే ఎమరీ కాగితం, అదే మన పెయింటింగ్ షెడ్లలో వాటర్ పేపర్ అనేది, 400 నుంచి 2000 నంబరు వరకు కార్ల రంగులమ్మే దుకాణాల్లో ఉంటుంది. రబ్బింగ్ కాంపౌండ్, మాస్కింగ్ టేపు కూడా అక్కడే తీసుకోవచ్చు. బట్టల క్లిప్పులు, పళ్లపుల్లలు, పాత టూత్‌బ్రష్ ఇంట్లోవే. భాగాలను కత్తిరించే సన్నమూతి కట్టరు, ప్లాస్టిక్‌కు తగిన పల్చని జిగురు, రంగుకు ముందు పునాదిగా వేసే ప్రైమరు, రంగులు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. రంగుల విషయంలో ఒక హెచ్చరిక: టామియా స్ప్రే డబ్బాల్లో టిఎస్ వరుస మాత్రమే ఈ కిట్ల పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కు సరిపోతుంది, పిఎస్ వరుస రిమోట్ కార్ల పాలీకార్బనేట్ బాడీల కోసం చేసినది. డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తక్కువ ధరకు వచ్చిందని తొందరపడి తీసుకుంటే బాడీ చేజారినట్టే. షెడ్లలో రంగును పల్చబరచడానికి వాడే ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) థిన్నరును కూడా బాడీకి తాకనివ్వకూడదు, అది పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది.

కిట్టులో భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి భాగాన్ని ఒకే దెబ్బకు కత్తిరించకూడదు. భాగానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో మొదటి కోత, మిగిలిన ముక్కకు రెండో కోత వేసి, ఆ చోటును ఎమరీ కాగితంతో సమం చేయాలి. ఒకే కోతలో తెంపితే ప్లాస్టిక్ తెల్లబారి గుంట పడుతుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట బాడీ మీద వెంట్రుకవాసి గీత ఒకటి, సాధారణంగా ముందు మడ్‌గార్డు నుంచి రూఫ్ అంచు మీదుగా వెనక దాకా, కనిపిస్తుంది. దాన్ని కత్తి వీపుతో గీకి, 600 నంబరు కాగితంతో రుద్దితే పోతుంది. తలుపుల సందుల గీతలను మాత్రం రంగుకు ముందే కత్తి మొనతో తేలికగా లోతు చేయాలి. నాలుగైదు పొరల రంగు పడ్డాక అవి పూడిపోయి, తలుపు ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

జిగురు పని సులువు. పల్చని జిగురు నిజానికి అతికించదు. రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా చేస్తుంది. భాగాలను కలిపి పట్టుకొని సందులో బ్రష్‌తో తాకిస్తే అదే పాకిపోతుంది. రంగు పూసిన అంచుల మీద అది పట్టదు కాబట్టి అతికే చోట రంగును గీకివేయాలి. ఏదీ అతికించకముందే బాడీని, ఛాసిస్‌ను (కారు అడుగుభాగాన్ని), సీట్ల భాగాన్ని పొడిగా ఒకసారి కూర్చి చూడటం మరవకూడదు.

ఇక బాడీని గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీటిలో కడగాలి. అచ్చు నుంచి సులభంగా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే జిడ్డు పోకపోతే రంగు నిలవదు. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. కాబట్టి ఆఖరి కడుగుకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు గానీ, ఫిల్టర్ నీళ్లు గానీ వాడాలి. కడిగాక బట్టతో తుడవకుండా మూత కింద ఆరనివ్వాలి. ఆ తరువాత వేళ్లతో ముట్టుకోకుండా, ఖాళీ సీసా మెడకు టేపుతో బిగించి, సీసానే పిడిగా పట్టుకోవాలి.

రంగు ఎప్పుడు వేయాలన్నదే అసలు ప్రశ్న. స్ప్రే డబ్బా నుంచి వెలువడే తుంపరలు తడిగానే బాడీ మీద పడి, ఒకదానితో ఒకటి కలిసి అద్దంలా సర్దుకోవాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో వేస్తే తుంపరలోని థిన్నరు గాలిలోనే ఆవిరై, రంగు పొడిలా వచ్చి పడుతుంది; బాడీ ఎమరీ కాగితంలా గరుకెక్కుతుంది. వానాకాలంలో దీనికి వ్యతిరేకమైన చిక్కు వస్తుంది. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి, లాకరు (త్వరగా ఆరే స్ప్రే) రంగు పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. గాలిలో తేమ తగ్గిన రోజు చూసి పల్చగా మరో పొర వేస్తే ఆ తెలుపు చాలాసార్లు పోతుంది, కానీ ప్రతిసారీ పోతుందని నమ్మలేం. మా ఇంట్లో నేను నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపు బాడీలకు రంగు వేస్తాను. వేసవిలో ఛాసిస్, సీట్లు, చక్రాల వంటి బ్రష్ పనులు పెట్టుకొని బాడీలను దాచి ఉంచుతాను.

ఈ క్రమశిక్షణ ఊరికే అలవడలేదు. ఒక మే నెల మధ్యాహ్నం మేడ మీద ఎర్ర కారుకు రంగు వేశాను. మొదటి పొర గరుకుగా పడింది. దాన్ని సరిచేయాలని దగ్గర నుంచి మందంగా రెండో పొర కొట్టాను, అది జారింది. అంతలో సుడిగాలి లేచి వీధిలోని దుమ్మంతా దాని మీద పోసింది. ఆ బాడీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రంగంతా ఊడదీసి, డిసెంబరు వరకు పెట్టెలో పెట్టవలసివచ్చింది.

దుమ్ము పడకుండా చేసే ఏర్పాటుకు ఖర్చేమీ లేదు. కూలరు వచ్చిన పెద్ద అట్టపెట్టెను పక్కకు పడుకోబెడితే మూడు వైపులా గోడలున్న గది తయారవుతుంది. పనికి పావుగంట ముందు వాకిట్లో చల్లినట్టే నేల మీద నీళ్లు చల్లి, ఫ్యాను ఆపాలి. మిర్యాలగూడలో ధాన్యం మిల్లుల దగ్గర ఇల్లున్నవారు ఊక దుమ్మును దృష్టిలో పెట్టుకొని గాలి ఎటు వీస్తోందో చూసి కిటికీ తెరవాలి. అన్ని కిటికీలూ మూయడం మాత్రం తగదు, ఎందుకంటే ఆ ఆవిర్లు ఊపిరితిత్తులకు చేటు, పైగా మండే స్వభావం గలవి. బట్ట మాస్కు వాటిని ఆపలేదు, కార్బన్ ఫిల్టరున్న మాస్కే కావాలి. గ్యాస్ పొయ్యి వెలిగే వంటింటి పక్కన ఈ పని చేయరాదు, డబ్బాలను ఎండలో వదలరాదు.

ముందు బూడిదరంగు ప్రైమరు. ఎరుపు, పసుపు వేయదలిస్తే తెల్ల ప్రైమరు మంచిది, బూడిద మీద అవి మాసినట్టు కనిపిస్తాయి. కిట్టు ప్లాస్టిక్కే ఎర్రగా ఉండి మీరు తెలుపు వేయాలనుకుంటే జాగ్రత్త, ఆ ఎరుపు పైకి ఊరి గులాబీ ఛాయ వస్తుంది. ప్రైమరు ఆరాక అంతవరకు కంటపడని గీతలు, గుంటలు బయటపడతాయి. పుట్టీ పెట్టి, 1000 నంబరు కాగితంతో నీళ్లలో తేలికగా రుద్ది, మళ్లీ ప్రైమరు వేయాలి. తరువాత డబ్బాను బాగా ఊపి, బాడీకి 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. స్ప్రేను బాడీకి ఇవతల మొదలుపెట్టి, ఒకే వేగంతో బాడీని దాటించి, అవతల ఆపాలి. బాడీ మీదే నొక్కడం, వదలడం చేస్తే అక్కడ బొట్లు పడతాయి. మొదటి పొర మంచు పట్టినట్టు పల్చగా ఉంటే చాలు, కింది రంగు కనిపించినా కంగారు వద్దు. పది పదిహేను నిమిషాల ఎడంతో రెండు మూడు తడి పొరలు వేసి, వెంటనే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి వదిలేయాలి. నలుసు పడితే తడి మీద తీయబోకండి, ఆరాక రుద్దితే పోతుంది. బాడీని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడండి. వాసన వస్తున్నంతకాలం రంగు ఇంకా ఆరలేదన్నమాట. లాకరుకు నాలుగైదు రోజులు, నిదానంగా ఆరే ఎనామెలు రంగుకు వారాలు పట్టవచ్చు.

నీటిలో నానబెట్టి బాడీకి అంటించే పల్చని డెకాల్ స్టిక్కర్లను కూడా ఫిల్టరు నీళ్లలోనే నానబెట్టాలి. అవి రాత్రంతా ఆరాక వేసే క్లియర్ (రంగులేని మెరుపు) పొరల్లో మొదటి రెండూ పొడిపొడిగా ఉండాలి. టిఎస్-13 వంటి లాకరు క్లియర్‌ను ఒకేసారి తడిగా కొడితే డెకాల్ ముడతలు పడుతుంది. వారం తరువాత 2000 నంబరు కాగితంతో నీళ్లలో రుద్ది, మెత్తని బట్టతో రబ్బింగ్ కాంపౌండ్ పూస్తే మెరుపు వస్తుంది. అంచుల మీద, బానెట్ మడతల మీద రంగు పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ రుద్దకుండా ముందే టేపు అంటించుకోవాలి.

మిగిలినవి త్వరగా ముగుస్తాయి. ఛాసిస్‌కు నిగనిగలాడే నలుపు కన్నా సగం మెరుపున్న నలుపు సహజంగా ఉంటుంది. టైర్ల అంచును కాగితంతో కొద్దిగా గరుకు చేస్తే రోడ్డు మీద తిరిగిన రబ్బరులా కనిపిస్తుంది. చక్రాలు బిగించాక కారును అద్దం పలక మీద నిలిపి నాలుగూ ఆనుతున్నాయో లేదో చూసి, జిగురు గట్టిపడకముందే సరిచేయాలి. కారు అద్దాలకు సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అవి మసకబారి మళ్లీ తేటపడవు. తెల్ల ఫెవికాల్‌ను పళ్లపుల్లతో సన్నగా రాస్తే ఆరాక పారదర్శకమవుతుంది, పొరపాటున అంటినా తడిబట్టతో తుడిచేయవచ్చు.

పూర్తయిన కారును మూతున్న పారదర్శకపు పెట్టెలో, పడమటి కిటికీకి దూరంగా ఉంచాలి. మన సాయంత్రపు ఎండ నేరుగా పడితే ఎరుపు వెలుస్తుంది, పల్చటి ప్లాస్టిక్ వంగుతుంది. పెట్టె మీది దుమ్మును పొడిబట్టతో కాక కొద్దిగా తడిపిన బట్టతో తుడవాలి. పొడిగా రుద్దితే ప్లాస్టిక్‌లో స్థిరవిద్యుత్తు పుట్టి, తుడిచిన దుమ్మునే మళ్లీ లాక్కుంటుంది.