క్రైస్తవ కీర్తనను తాళంలో పాడడం – మూడవ పాఠం: చరణం నుంచి పల్లవికి

గత రెండు పాఠాలలో కీర్తనకు పైన అచ్చయిన రాగతాళాల పేర్లను గుర్తించడం, పల్లవిని నిలకడైన కాలంలో పాడడం అభ్యసించాం. పాటల పుస్తకంలో చరణం చివర రెండేసి నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఒక్కటే కనిపిస్తుంది. అక్కడ తాళం తెగకుండా పల్లవిని అందుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల సంఘాలలో మంచి గొంతు ఉన్నవారికి కొదవ లేదు; ఆరాధనలో పాట జారిపోయేది చాలావరకు ఈ మలుపులోనే.

అభ్యాసం కోసం ఈ పాఠానికే కూర్చిన పంక్తులివి.

వెలుగు చూపుము దేవ – వేడుచున్నాను నే

అలసి చీకటిలోన – అడుగు తప్పిన నాకు
నిలువ నీడను జూపి – నీ చేయి యందించి ॥వెలుగు॥

ఇది ఖండ చాపు, అంటే అయిదేసి మాత్రల నడక; మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం. ముందుగా రాగం జోలికి పోకుండా, తొడమీద ప్రతి అయిదింటి మొదట ఒక దెబ్బ వేస్తూ మాటలను మాత్రమే చదవండి: అలసి చీ, కటిలోన, అడుగు త, ప్పిన నాకు. మాట విరిగే చోటు, దెబ్బ పడే చోటు ఒకటి కాకపోవడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. మాటను బట్టి దెబ్బను జరపకండి, దెబ్బను దాని చోటనే ఉండనిచ్చి మాటను దానిమీదుగా నడపండి. పల్లవికి నాలుగు దెబ్బలు, చరణానికి ఎనిమిది. ఎనిమిదవ అయిదులో "యందించి" పూర్తవుతుంది. ఆ తరువాతి దెబ్బమీదనే "వెలుగు" పడాలి. చివరి "చి" హ్రస్వం కనుక దానిని సాగదీయకూడదు. దానిని రాగంతో పొడిగించి, ఊపిరి తీసుకొని, అప్పుడు పల్లవి ఎత్తుకుంటే డోలకు వాయించేవారు ఒక దారిన, సంఘం ఒక దారిన పోతారు. ఊపిరి కావలసినవారు "జూపి" తరువాత క్షణకాలం తీసుకోవాలి.

ఈ నియమానికి తాళం ఒక్కటే కారణం కాదు. "జూపి", "అందించి" అనేవి అసమాపక క్రియలు. "చూపుము" అనే సమాపక క్రియ పల్లవిలో ఉంది. కీర్తన రాసేవారు చాలాచోట్ల చరణంలో వాక్యాన్ని తెరచి ఉంచి, పల్లవితో ముగిస్తారు. మధ్యలో ఆగితే ప్రార్థన సగంలో నిలిచిపోతుంది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన సువార్తికుడు పురుషోత్తమ చౌదరి తెలుగువారికి అలవాటైన ఈ పల్లవి, చరణాల కట్టులోనే సువార్తను పాడారు. ఆయన కీర్తనలను పాడేవారు ఈ మలుపును ఎంతో శ్రద్ధగా సాధన చేయాలని నా గట్టి నమ్మకం.

మన జిల్లాలకు ఈ కట్టు మరింత ఉపకరించింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలం నాటి మాట అది. కరువు రోజుల్లో చదువుకు నోచుకోని పల్లెలనుంచి వచ్చిన అంతమందికి పుస్తకంకంటే ముందు పాటే అందగలదు. ఒకరు ఎత్తుకోగా తక్కినవారు అందుకొని పాడేటప్పుడు, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి చదవనివారికి కూడా నోటికి వస్తుంది.

పాశ్చాత్య బాణీల నుంచి అనువదించిన పాటలలో మాత్రం ఈ నియమాన్ని గుడ్డిగా అనుసరించకండి. అమెరికన్ బాప్టిస్టులు నడిపిన నెల్లూరు మిషన్‌ను మూసివేయాలా అన్న చర్చ అమెరికాలో జరిగినప్పుడు, 1853లో దానిని ఒంటరి నక్షత్రంగా వర్ణిస్తూ కవిత రాసిన సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ స్వయంగా కీర్తనకారుడు. ఆయన సంప్రదాయానికి చెందిన అనేక పాటలలో ప్రతి చరణం తనంతట తానే ముగుస్తుంది, తిరిగి అందుకోవలసిన పల్లవి ఉండదు. అక్కడ చరణాల మధ్య ఊపిరి తీసుకోవచ్చు.

ఈ వారం రోజూ పై పంక్తులను దెబ్బలతో పదిసార్లు చదివిన తరువాతే రాగంలో పాడండి. ఆపైన మీ పుస్తకంలో చాపు తాళమని అచ్చయిన కీర్తన ఒకటి తీసుకొని, ప్రతి చరణం చివరి క్రియ సమాపకమో అసమాపకమో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. చాపులో ఏడు మాత్రల నడక కూడా ఉంది గనుక ముందుగా మాత్రలు లెక్కించి చూడండి. ఏడు వస్తే ఆ కీర్తనను నాలుగవ పాఠానికి అట్టిపెట్టండి.