ఇంటి నెట్‌వర్క్‌కు దూరం నుంచి కలవట్లేదా? ముందు ఇవి చూడండి

హనుమకొండలో మా ఇంటి రూటర్ పక్కన అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటర్ బోర్డ్ ఒకటి ఉంది. నేనుండేది హైదరాబాద్‌లో. ఇంటి కెమెరా చూడాలన్నా, బాపు కంప్యూటర్‌లో ఉన్న భూమి కాగితాల స్కాన్లు తీసుకోవాలన్నా దాని మీదుగానే. పెట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. అది మొరాయించినప్పుడల్లా ఎందుకో తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఇంటి వైఫైలో పనిచేస్తుంది, మొబైల్ డేటాలో పనిచేయదు

చాలామంది పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును ఇంట్లోని పరికరానికి పంపమని రూటర్‌కు చెప్పే సెట్టింగ్) పెట్టి, పెట్టి విసిగిపోయేది ఇక్కడే. తప్పు మీది కాకపోవచ్చు. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ప్రొవైడర్ మీ రూటర్‌కు ఇచ్చిన నెట్ అడ్రస్, ఎంతుందో చూడండి. తర్వాత ఐపీ చూపించే ఏదైనా సైట్ తెరిచి రెండూ పోల్చండి. రెండూ వేరువేరుగా ఉంటే మీ ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. ఒకే ఐపీని ప్రొవైడర్ చాలా ఇళ్లకు పంచుతున్నాడు. దీన్నే సీజీన్యాట్ అంటారు. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఇక అనుమానమే అక్కర్లేదు, 2012లో ఆ వరుసను ఇందుకోసమే పక్కన పెట్టారు. ఇలాంటి చోట పోర్ట్ ఎన్నిసార్లు తెరిచినా బయటి పిలుపు మీ రూటర్ దాకా రాదు.

ప్రొవైడర్‌ను అడిగి స్టాటిక్ ఐపీ (మీ ఇంటికే చెందిన, మారని ఐపీ) తీసుకోవచ్చు, దానికి విడిగా డబ్బు కట్టాలి. నా మాట వింటే మీ పరికరాలన్నిటినీ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ పెట్టుకోండి. ఇంట్లోని బోర్డ్ లాంటి పరికరమే లోపలి నుంచి బయటికి కనెక్షన్ పెట్టుకుంటుంది కాబట్టి సీజీన్యాట్ అడ్డు రాదు. ఇంటి వాడకానికి ఉచితం. అది ఇచ్చే ఐపీలు కూడా 100తోనే మొదలవుతాయి, వాటిని చూసి కంగారు పడకండి.

పరికరం దొరుకుతుంది, కెమెరా దొరకదు

పరికరంలో ఐపీ ఫార్వర్డింగ్ (తనకు వచ్చినవాటిని ఇంట్లోని మిగతావాటికి అందించడం) ఆన్ చేసి, ఇంటి సబ్‌నెట్‌ను, అంటే ఇంటి ఐపీల వరుసను, టెయిల్‌స్కేల్‌కు ప్రకటించాలి. అక్కడితో అయిపోదు, టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలోకి వెళ్లి ఆ రూట్‌ను (దారిని) ఆమోదించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. మీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంటే రూట్లు తీసుకోమని దానికి విడిగా చెప్పాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నా కెమెరా రావట్లేదంటే, మీరున్న రూమ్ వైఫై కూడా ఇంటిలాగే 192.168.1 వరుసలోనే ఉందేమో చూడండి, అలా ఉంటే ల్యాప్‌టాప్ కెమెరాను రూమ్‌లోనే వెతుక్కుంటుంది. ఇంటి వరుసను 192.168.47 లాంటి దానికి మార్చేయండి. కెమెరాకు ఐపీ చేత్తో పెట్టి ఉంటే అదీ మార్చాలి కాబట్టి ఈ పని ఇంటికి వెళ్లినప్పుడే చేయండి.

కరెంటు పోయి వచ్చాక మళ్లీ కలవదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ముందు అడాప్టర్ చూడండి. దీనికి 5 వోల్టులు, 2.5 ఆంప్స్ ఇచ్చేది కావాలి. పాత ఫోన్ చార్జర్, సన్నటి పొడుగు కేబుల్ పెడితే వోల్టేజ్ చాలక బోర్డ్ మొరాయిస్తుంది. కరెంటు ఊరికే పోతూ వస్తూ ఉంటే మెమరీ కార్డ్ కూడా పాడవుతుంది.

కార్డ్ పాడవకూడదని నేను ఓవర్‌లే ఆన్ చేశాను. అంటే కార్డ్ మీద ఏమీ రాయదు, బోర్డ్ ఆఫ్ అయితే మార్పులన్నీ పోతాయి. తెలివైన పని చేశానని మురిసిపోయాను. మేడారం జాతరకు ఇంట్లోవాళ్లంతా వెళ్లిన రోజు కరెంటు పోయి వచ్చింది, కెమెరా మాత్రం రాలేదు. పక్కింటి అక్కకు ఫోన్ చేసి, మీటర్ దగ్గర మెయిన్ ఒకసారి తీసి వేయమన్నాను. పాపం, రెండుసార్లు వేసింది. ఫలితం లేదు.

కారణం గడియారం. ఈ బోర్డులో బ్యాటరీ గడియారం లేదు, చివరగా కార్డ్ మీద రాసిన సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఓవర్‌లే పుణ్యమా అని ఆ సమయం నెలల వెనక ఉండిపోయింది. అప్పట్లో నేను టెయిల్‌స్కేల్ కాదు, వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో బోర్డ్‌ను ఒక అద్దె సర్వర్‌కు కలిపేవాణ్ని. ఇంతకు ముందు వచ్చిన దానికంటే పాత సమయం ముద్రతో వచ్చే పిలుపును వైర్‌గార్డ్ తిప్పికొడుతుంది. సరైన సమయం కనుక్కుందామంటే నెట్ మొత్తం టనెల్ (ఆ వైర్‌గార్డ్ కనెక్షన్) గుండానే పోయేలా పెట్టాను. టనెల్ లేక సమయం రాదు, సమయం లేక టనెల్ రాదు!

టనెల్‌లోకి కావాల్సిన ఐపీలనే పంపండి, సమయం అడిగే పిలుపు మామూలు నెట్‌లోనే వెళ్లనివ్వండి. లేదా డీఎస్3231 గడియారం మాడ్యూల్ తగిలించండి. నేను రెండూ చేశాను.

కొత్త రూటర్ పెట్టాక వైఫై దొరకదు

ఈ బోర్డ్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. రూటర్‌లో దాన్ని ఆఫ్ చేసి ఉంటే ఆన్ చేయండి.

ఏ గొడవా లేకుండా ఆరు నెలలు నడిచి ఒక రోజు మాయం

టెయిల్‌స్కేల్‌లో కీ, అంటే పరికరం లాగిన్, గడువు మామూలుగా 180 రోజులు. గడువు దాటితే మళ్లీ లాగిన్ అడుగుతుంది, అక్కడ లాగిన్ చేయడానికి ఎవరూ ఉండరు. అడ్మిన్ పేజీలో ఆ ఒక్క పరికరానికి గడువు ఆపేయండి. మీ ఫోన్‌కు మాత్రం ఆపకండి, అది పోతే వెంటనే అదే పేజీలోంచి తీసేయండి.