వాయిదా పడ్డ స్కాన్లకు రోగులను మళ్లీ పిలవడం ఎలా

మహమ్మారి ముదిరినప్పుడు అత్యవసరం కాని స్కాన్లు ఆపేస్తారు. ఉధృతి తగ్గాక పిలిస్తే చాలామంది "తర్వాత చూద్దాం లెండి" అంటారు. సిబ్బంది ఆ పేరు ఎదుట "భయం" అని రాసి ఇంకో నంబరు కలుపుతారు. నిజానికి ఆ మాట వెనక నాలుగైదు వేర్వేరు సంగతులుంటాయి. ఒకదానికి చెప్పే జవాబు ఇంకోదానికి పనికిరాదు. వాటిలో అన్నిటికన్నా మొండిది మనం తెచ్చిపెట్టిందే: "మీరే కదా ఆపారు, అంత ముఖ్యమైతే ఆపేవారా?"

అందుకే ఫోన్ చేసే ముందు జాబితా సరిచేయండి. వాయిదా తేదీల వరుసలో పిలవకండి. ఇదివరకే ఏదో కనిపించి గడువు పెట్టినవాళ్లు ముందు: మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్-రే) బైరాడ్స్ 3, అంటే "బహుశా ప్రమాదం లేనిదే, అయినా మళ్లీ చూడాలి" అనే గ్రేడు వచ్చి 6 నెలలకు రావాల్సినవాళ్లు, ఊపిరితిత్తుల్లో 6–8 మి.మీ. నాడ్యూల్ (చిన్న గడ్డ) ఉండి 6–12 నెలల్లో సీటీ తీయాల్సినవాళ్లు, క్యాన్సర్ చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు. ఆ తర్వాత, లక్షణాలు లేకుండా ఏటా చేయించుకునే స్క్రీనింగ్‌లు. ఎముకల సాంద్రత చూసే డెక్సా చివర. అది కొన్ని నెలలు ఆలస్యమైనా సాధారణంగా పోయేదేమీ లేదు, ఆ మాట రోగికీ చెప్పేయండి. ఆగొచ్చు అన్నప్పుడు నిజం చెప్పినవాళ్లు రమ్మంటే నమ్ముతారు. గర్భిణులకు 18–22 వారాల్లో, బిడ్డలో అవయవ లోపాలున్నాయేమో చూడటానికి తీసే అనామలీ స్కాన్ అసలు వాయిదా పడకూడదు, ఈ జాబితాలోకే రాకూడదు. ప్రతి పేరు ఎదుట "ఈ తేదీ దాటనివ్వొద్దు" అని రేడియాలజిస్ట్ చేత రాయించుకోండి.

ఫోన్ చేసేది స్కాన్ గురించి తెలిసిన నర్సో టెక్నీషియనో అయితే మేలు. మెసేజ్ పంపితే "రాను" అన్నది తెలుస్తుంది గానీ ఎందుకో తెలియదు. స్లాట్ ఖాళీ ఉందంటూ మొదలుపెట్టకండి. "అప్పుడు ఆపింది మేమే అండి. మీకు అవసరం లేదని కాదు, ఆ వారాల్లో రప్పించడం మంచిది కాదని ఆపాం. ఇప్పుడు మీ డాక్టరు గారు ఫలానా తేదీ లోపు చేయించమంటున్నారు. రావడానికి మీకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగి ఆగండి. వచ్చిన జవాబును వాళ్ల మాటల్లోనే ఫైల్లో రాయండి.

ఇన్‌ఫెక్షన్ భయమని చెబితే, ఎక్కడ అని అడగండి. చాలామందికి బెంగ మెషిన్ గురించి కాదు, వెయిటింగ్ హాల్లో దగ్గుతూ కూర్చునే పక్కమనిషి గురించి. "పూర్తిగా సురక్షితం" అనకండి, ఆ మాట ఎవరూ ఇవ్వలేరు. వచ్చి కళ్లతో సరిచూసుకోగలిగినవే చెప్పండి: వివరాలు ఫోన్‌లోనే తీసుకుంటాం, గది సిద్ధమయ్యాకే లోపలికి పిలుస్తాం, హాల్లో ఇంతమందికి మించి ఉండరు. కీమో, డయాలసిస్ రోగులకు పొద్దున మొదటి స్లాట్ ఇవ్వండి.

ఒక అభ్యంతరం తీర్చగానే ఇంకోటి, అదీ తీరితే మరోటి వస్తోందంటే, ఆ మనిషి భయపడుతోంది రిపోర్ట్‌కి. అక్కడ శుభ్రత గురించి ఎంత చెప్పినా వృథా. రిపోర్ట్ ఏ రోజు వస్తుందో, ఎవరు చెబుతారో చెప్పండి, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడించండి. డబ్బు ఇబ్బంది అయితే బిల్లింగ్‌కు కలపండి. తోడు లేక రాలేని పెద్దవాళ్లకు ఒకరిని వెంట రానివ్వండి. వద్దన్నవాళ్ల ఎదుట "నిరాకరించారు" అని గీత గీసేయకుండా, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయమంటారో అడిగి తేదీ రాసుకోండి, డాక్టరుకూ తెలియజేయండి.

చెప్పినవన్నీ చేసి చూపాలి కదా. గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో మెయింటెనెన్స్ ఇంజనీరును అడిగి తెలుసుకోండి, ఊహించకండి. 6 సార్లయితే గాలిలోని కణాల్లో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు, 12 సార్లయితే 23 నిమిషాలు పడుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిని స్కాన్ చేశాక ఇంత విరామం ఇవ్వాలి. అందుకే వాళ్లకు రోజులో చివరి స్లాట్ పెట్టండి. టేబుల్, హ్యాండిళ్లు తుడవడానికి 0.1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) లేదా 70 శాతం ఆల్కహాల్ సరిపోతుంది, కానీ కనీసం ఒక నిమిషం తడిగా ఉండాలి. చల్లిన వెంటనే తుడిచేయడం అందరూ చేసే తప్పు. ఒంటిపై ఆనించే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు మాత్రం తయారీదారు అనుమతించిన ద్రవమే వాడాలి, లేకపోతే పైపొర పాడవుతుంది. ఇంకొకటి: చివరి తుడుపు రోగి చూస్తుండగా చేయండి. కనపడని శుభ్రత ఎవరి బెంగా తీర్చదు.

ఎమ్మారైకి వచ్చేవాళ్లకు మాస్క్ సంగతి ఫోన్‌లోనే చెప్పాలి. ముక్కు దగ్గర లోహపు పట్టీ ఉన్న మాస్క్ వేడెక్కి ముఖం కాలిన ఘటన తర్వాత అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 డిసెంబరులో హెచ్చరించింది. లోహం లేని మాస్క్ మీరే ఇవ్వండి. ముందు చెప్పకపోతే, గుమ్మం దగ్గర "మాస్క్ తీయండి" అనగానే వెనక్కి తిరిగేవాళ్లుంటారు.

కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టత కోసం ఎక్కించే మందు) స్కాన్లకు కిడ్నీల పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్ట్ ఈ నెలల్లో కాలం చెల్లి ఉంటుంది. కొత్తది ముందే చేయించండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువ ఉండి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడేవాళ్లు దాన్ని ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చేత చెప్పించండి. ఖాళీ కడుపుతో వచ్చి, ఇవి ముందే చూసుకోక స్కాన్ కాకుండా వెళ్లిన మనిషిని మూడోసారి రప్పించడం చాలా కష్టం.

మామోగ్రామ్‌కు వచ్చేవారిని కోవిడ్ లాంటి టీకా ఈమధ్య ఏ తేదీన, ఏ చేతికి వేయించుకున్నారో అడిగి రాయండి. టీకా తర్వాత కొందరికి ఆ వైపు చంకలో గ్రంథులు ఉబ్బి, రిపోర్ట్‌లో అనవసరమైన అనుమానం పుట్టిస్తాయి. తేదీ రాసి ఉంటే రేడియాలజిస్ట్ తేల్చుకోగలరు, దీనికోసం స్కాన్ వాయిదా వేయకండి.

వస్తామని చెప్పి రానివాళ్లను వద్దన్నవాళ్ల జాబితాలో కలపకండి. చాలాసార్లు బండి దొరకకపోవడమో, ఇంట్లో ఒకరికి జ్వరం రావడమో కారణమై ఉంటుంది. అదే రోజు సాయంత్రం ఫోన్ చేసి, జ్వరం ఎవరికి, ఎప్పటినుంచి అని అడిగి, వెంటనే కొత్త తేదీ ఇవ్వండి.