సముద్రం అడుగున ఉన్న గ్యాస్ లైన్‌కి డిజిటల్ ట్విన్: హైడ్రేట్ లెక్కతో మొదలుపెట్టండి

డిజిటల్ ట్విన్ (ప్లాంటు కొలతలతో నడుస్తూ దాని స్థితిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనా) అనగానే చాలాచోట్ల ముందు జరిగే పని ప్లాట్‌ఫాంని లేజర్ స్కాన్ చేయించి త్రీడీ బొమ్మ తయారు చేయించడం. హెడ్డాఫీసు నుంచి వచ్చినవాళ్లకు చూపించడానికి అది బాగానే ఉంటుంది. రాత్రి రెండింటికి కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఆపరేటర్ మాత్రం దాన్ని తెరవడు, ఆ వేళకి అతన్ని వేధించే ప్రశ్నకు అందులో జవాబు ఉండదు కాబట్టి. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఈ ట్విన్‌ని చూసి ఎవరు, ఏ నిర్ణయం, ఎన్ని గంటలకోసారి తీసుకుంటారు? బీపీ కంపెనీ తన ఏపెక్స్ వ్యవస్థ వల్ల 2017లో రోజుకు 30,000 బ్యారెళ్ల ఉత్పత్తి పెరిగిందని చెప్పుకుంది. ఆ ఏపెక్స్ బొమ్మ కాదు, బావి నుంచి ప్లాంటు దాకా పీడనాలూ ప్రవాహాలూ లెక్కగట్టే నమూనా.

ఇక్కడ ఒకే ఒక్క నిర్ణయాన్ని తీసుకుందాం. లోతు సముద్రంలోని గ్యాస్ బావులకు హైడ్రేట్ (పైపును మూసేసే మంచులాంటి గడ్డ) కట్టకుండా మెగ్, అంటే మోనో ఇథిలిన్ గ్లైకాల్, ఎంత పంపాలి? మన కృష్ణా-గోదావరి బేసిన్‌కి ఇది సరిగ్గా సరిపోయే ప్రశ్న. కాకినాడ తీరానికి ఎదురుగా 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలైన ఆర్-క్లస్టర్ బావులు 2,000 మీటర్లకు మించిన లోతులో ఉన్నాయి, అక్కడి నుంచి కంట్రోల్ అండ్ రైజర్ ప్లాట్‌ఫాంకి (సముద్రం అడుగు నుంచి పైపులు పైకి వచ్చి చేరే వేదిక) 60 కిలోమీటర్ల దూరం. కింద చెప్పే లెక్కల్లోని అంకెలు అలాంటి ఏ లైన్‌కైనా వర్తించేలా తీసుకున్న ఉదాహరణలే, ఫలానా ఫీల్డువి కావు.

ముందు చేతి లెక్క

మీథేన్, నీరు, పీడనం, చల్లదనం నాలుగూ కలిసినప్పుడు పైపులో మంచులాంటి గడ్డ కడుతుంది. ఉత్త మీథేన్‌కైతే 4 డిగ్రీల దగ్గర దాదాపు 40 బార్ చాలు. 120 బార్ ఉంటే 15 డిగ్రీలకే మొదలవుతుంది. లైన్‌లో అన్నిటికంటే చల్లటి చోటు 4 డిగ్రీలనుకుంటే తేడా 11 డిగ్రీలు. దానికి 4 డిగ్రీల జాగ్రత్త కలిపితే 15. అంటే హైడ్రేట్ కట్టే ఉష్ణోగ్రతను 15 డిగ్రీలు కిందికి నెట్టాలి.

గ్యాస్ పైపులు మూసుకుపోవడానికి హైడ్రేట్లే కారణమని 1934లో తేల్చిన హామర్‌ష్మిట్ పేరుతో ఒక సూత్రం వాడుకలో ఉంది:

నీటిలో ఉండాల్సిన మెగ్ శాతం = (100 × 62 × డిగ్రీల తేడా) ÷ (1297 + 62 × డిగ్రీల తేడా)

15 డిగ్రీలకు ఇది సుమారు 42 శాతం, బరువు లెక్కలో. గంటకు 10 టన్నుల నీరు వస్తుంటే, 90 శాతం లీన్ మెగ్ (నీరు తీసేసి పంపే చిక్కటి మెగ్) గంటకు 8.7 టన్నులు పంపాలి. ఒడ్డున మెగ్‌ని మళ్లీ చిక్కబరిచే యూనిట్ సరిగా పనిచేయక లీన్ మెగ్ 80 శాతానికి పడిపోతే, అదే నీటికి 10.9 టన్నులు కావాలి. నాలుగో వంతుకు పైగా ఎక్కువ. ఎక్కువ పంపితే రీబాయిలర్ (మెగ్‌లోని నీటిని మరిగించి తీసే పాత్ర) మీద భారం పెరుగుతుంది, భారం పెరిగితే చిక్కదనం ఇంకా పడిపోతుంది. "భయం లేకుండా కాస్త ఎక్కువే పంపుదాం" అనేవాళ్లకు ఈ విషవలయం చాలా ఆలస్యంగా కనిపిస్తుంది.

ట్విన్‌లో వాడేది ఈ సూత్రం కాదు, నీరు, గ్లైకాల్, ఉప్పు కలిసినప్పుడు కూడా నమ్మదగిన స్థితి సమీకరణాలు (పీడనం, ఉష్ణోగ్రతలను బట్టి మిశ్రమం ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టేవి). కానీ చేతి లెక్కను పారేయకండి. ట్విన్ చెప్పిన అంకె దీనికి రెండింతలో సగమో ఉంటే ఎక్కడో యూనిట్ తప్పిందని అర్థం.

ఏ కొలతలు, ఎలా

ఈ నిర్ణయానికి వేల ట్యాగ్‌లు (కంట్రోల్ సిస్టమ్‌లో ఒక్కో కొలతకిచ్చే పేర్లు) అక్కర్లేదు. ప్రతి బావికీ చోక్‌కు (ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వ్) ముందూ వెనకా పీడనం, ఉష్ణోగ్రత, చోక్ ఎంత తెరిచి ఉంది, వెట్ గ్యాస్ మీటర్ (ద్రవం కలిసిన గ్యాస్‌ని కొలిచేది) ఉంటే దాని రీడింగ్, ఆ బావికి వెళ్తున్న మెగ్ ప్రవాహం. లైన్ చివర పీడనం, ఉష్ణోగ్రత. ఒడ్డున అమ్మకపు గ్యాస్ మీటర్, లీన్ మెగ్ శాతం, రిచ్ మెగ్ (నీరు కలిసి తిరిగొచ్చిన పలచటి మెగ్) శాతం, అందులో క్లోరైడ్ (ఉప్పు). ఎనిమిది బావులున్నా వంద ట్యాగ్‌లలోపే. వీటిని ఒక్కొక్కటిగా చేత్తో సరిచూడటానికి వారాలు పడుతుంది. ఆ వారాలు మిగుల్చుకోవాలని చూడకండి.

గేజ్ పీడనమా (వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువో చెప్పేది), అబ్సల్యూటా (శూన్యం నుంచి లెక్కించేది) అన్నది ట్యాగ్ పేరు చూసి నమ్మొద్దు, డేటాషీట్ చూడండి. గ్యాస్ ఘనపు మీటర్లు 15 డిగ్రీల దగ్గరివా, సున్నా డిగ్రీల దగ్గరివా? ఈ రెండింటికీ తేడా 5.5 శాతం. బావుల మొత్తం ఒడ్డు మీటర్‌తో సరిగ్గా అంత తేడాతో కలవకపోతే రిజర్వాయర్‌ని అనుమానించే ముందు ఇది చూడాలి.

హిస్టోరియన్‌లో (కొలతలను దాచిపెట్టే డేటాబేస్) డేటా కుదింపు మరో ఉచ్చు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితేగానీ నమోదు చేయకూడదని ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటారు. డిస్క్ ఖరీదైన రోజుల నాటి సెట్టింగ్ అది. చల్లారే వేగాన్ని లెక్కగట్టే ట్విన్‌కి ఆ మెట్లమెట్ల గీత పనికిరాదు. ఉష్ణోగ్రతకు 0.1 డిగ్రీ, పీడనానికి రేంజ్‌లో 0.1 శాతం పెట్టించుకోండి.

అన్నిటికంటే ప్రమాదం కదలకుండా నిలిచిపోయిన రీడింగ్. సముద్రం అడుగున కంట్రోల్ మాడ్యూల్‌తో సంబంధం తెగినప్పుడు కొన్ని వ్యవస్థలు ఆఖరి విలువనే "బాగుంది" అనే ముద్రతో చూపిస్తూ ఉంటాయి. నిజమైన పీడన ట్రాన్స్‌మిటర్ ఆఖరి దశాంశంలో ఎప్పుడూ కాస్త కదులుతూనే ఉంటుంది. అరగంట పాటు అణువంత కూడా కదలకపోతే ట్విన్ ఆ ట్యాగ్‌ని పక్కన పెట్టేలా నియమం రాయండి.

రెండు కిలోమీటర్ల లోతులో ఉన్న ట్రాన్స్‌మిటర్‌ని తీసి క్యాలిబ్రేట్ చేయలేం. అయితే ప్రతి షట్‌డౌన్ ఒక ఉచిత అవకాశం. ప్రవాహం ఆగి లైన్ కుదుటపడ్డాక, ఒకదానికొకటి తెరిచి ఉన్న బిందువులన్నీ లోతు తేడా సవరిస్తే ఒకే పీడనం చూపాలి. ఒకటి 3 బార్ తేడా చూపితే ఆ సవరణను ట్విన్‌లోనే పెట్టి తేదీతో రాసుకోండి. కంట్రోల్ సిస్టమ్‌లోని విలువను ముట్టుకోవద్దు, అక్కడ ఆ ట్యాగ్ మీద ట్రిప్‌లు (ప్రమాదంలో వాటంతట అవే ఆపేసే రక్షణలు) ఆధారపడి ఉండవచ్చు.

నమూనా, దాన్ని సరిదిద్దడం

పైపు లైన్ ఆకారానికి డిజైన్ డ్రాయింగ్ వాడొద్దు. పైపు వేశాక చేసిన సర్వే నుంచి తీసుకోండి. డ్రాయింగ్‌లో నున్నగా కనిపించే వాలులో నిజానికి పల్లాలుంటాయి, ద్రవం నిలిచేది అక్కడే. పైపు ఎక్కడ మట్టిలో పూడి ఉంది, ఎక్కడ నీటికి తెరిచి ఉంది అన్నది కూడా ఆ సర్వేలోనే తెలుస్తుంది. చల్లారే వేగం దాన్నిబట్టే మారుతుంది.

సరిదిద్దడానికి మూడు నిలకడ స్థితులు ఎంచుకోండి: ఎక్కువ ప్రవాహం, మధ్యస్థం, తక్కువ. ఒక్కోటి కనీసం ఒక రోజంతా చోక్ కదలనిదై ఉండాలి. రెండింటితో ట్యూన్ చేసి మూడోదాన్ని పరీక్షకు దాచండి. ఇవి కాక ఒక షట్‌డౌన్, ఒక రీస్టార్ట్ రికార్డు కూడా కావాలి. ట్యూన్ చేసేటప్పుడు రెండే మీటలు తిప్పండి: ఉష్ణం బయటికి పోయే గుణకం, పైపు లోపలి గరుకుదనం. కొత్త ఉక్కు పైపుకి గరుకుదనం 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. లెక్క కలవాలంటే 0.5 పెట్టాల్సి వస్తోందంటే నమూనా మీతో ఏదో చెబుతున్నట్టు. మీటర్ తప్పై ఉండాలి, లేదా లైన్‌లో ఏదో పేరుకుని ఉండాలి. అక్కడ ఆగి వెతకండి. అన్ని మీటలూ తిప్పి గీతలు కలిపేస్తే నివేదిక అందంగా వస్తుంది, ట్విన్ మాత్రం గుడ్డిదవుతుంది.

మొదటి హద్దులుగా ఇవి పెట్టుకోవచ్చు: పీడనం 2 శాతం లోపు, ఉష్ణోగ్రత 1 డిగ్రీ లోపు, ఒడ్డుకు చేరే రిచ్ మెగ్ శాతంలో 2 పాయింట్ల లోపు తేడా.

సముద్రం అడుగున టెస్ట్ సెపరేటర్ (ఒక్కో బావి గ్యాస్‌నీ ద్రవాన్నీ వేరుచేసి కొలిచే పాత్ర) ఉండదు కాబట్టి ఒక్కో బావి ప్రవాహం తెలుసుకోవాలంటే దాన్ని మూసి మొత్తం ఎంత తగ్గిందో చూస్తారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒకటి మూయగానే లైన్ పీడనం తగ్గి మిగతా బావులు కాస్త ఎక్కువ ఇస్తాయి. ఆ పెరుగుదలను ట్విన్‌తో లెక్కగట్టి కలపకపోతే మూసిన బావి ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువ ఇస్తున్నట్టే కనిపిస్తుంది. ఇసుక వచ్చే బావుల్లో చోక్ అరిగి, అదే శాతం తెరిచినా ఎక్కువ గ్యాస్ పోతుంది. తయారీదారు ఇచ్చిన చోక్ వక్రరేఖకూ లెక్కకూ నెలనెలా పెరిగే తేడాని విడిగా గీసి ఉంచండి, చోక్ మార్చే సమయం అదే చెబుతుంది.

రోజూ దేన్ని చూడాలి

మొత్తం మెగ్ సరిపోతోందా అన్న ప్రశ్న సగమే. పంపు దగ్గర ప్రవాహం సరిగ్గానే ఉండి, ఒక బావి ట్రీ (బావి నోటి మీది వాల్వుల కూర్పు) మీది ఇంజెక్షన్ వాల్వ్ సగం పూడుకుపోయి ఉండవచ్చు. మిగతావాటికి ఎక్కువ వెళ్తుంది, దీనికి తక్కువ. కాబట్టి తెర మీద ప్రతి బావికీ ఒక అంకె ఉండాలి: హైడ్రేట్ గీతకు (హైడ్రేట్ కట్టడం మొదలయ్యే హద్దు) ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాం. 4 కంటే తగ్గితే పసుపు, 2 కంటే తగ్గితే ఎరుపు. అంతకుమించి రంగులు అక్కర్లేదు.

బావిలో నీటి పొర పైకి వచ్చిందా అన్నది పట్టుకోవడంలో ట్విన్ బాగా అక్కరకొస్తుంది. గ్యాస్‌తో ఆవిరిగా వచ్చి చల్లబడే నీరు ఎంతో రిజర్వాయర్ పీడన, ఉష్ణోగ్రతలను బట్టి ముందే లెక్కగట్టవచ్చు. ఒడ్డున రిచ్ మెగ్ ఆ లెక్క కంటే పలచగా వస్తోందంటే ఎక్కడో అదనపు నీరుంది. అదే సమయంలో క్లోరైడ్ కూడా పెరుగుతుంటే అది భూమి పొరల్లోని నీరే. ఇక్కడ తొందరపడితే దెబ్బతింటారు, ఎందుకంటే ఒడ్డున ఈ రోజు తీసిన శాంపిల్ కొన్ని రోజుల కింద బావి దగ్గర పంపిన మెగ్‌ది కావచ్చు. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు ద్రవం పల్లాల్లో ఆగిపోతుంది, పెంచినప్పుడు ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. లైన్‌లో నిలిచిన ద్రవాన్ని లెక్కించే నమూనాతోనే శాంపిల్‌ని పోల్చాలి, ఈ రోజు ఇంజెక్షన్ రేటుతో కాదు.

షట్‌డౌన్, మళ్లీ తెరవడం

బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. మూసి ఉన్న లైన్ గంటల్లో చల్లారుతుంది. ఎన్ని గంటల్లో హైడ్రేట్ గీత దాటుతుందో ట్విన్ ముందే చెప్పాలి, దాన్నిబట్టి పీడనం దించాలా వద్దా అన్నది షిఫ్ట్ ఇన్‌చార్జి నిర్ణయిస్తారు.

పీడనం దించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటే. ప్లాట్‌ఫాం దగ్గర గేజ్ 20 బార్ చూపిస్తుంది, 40 కంటే తక్కువే కదా అని ఊరుకుంటారు. వాలులో 300 మీటర్ల ఎత్తున ద్రవం నిలిచి ఉంటే కింద అదనంగా 30 బార్ ఉంటుంది. మొత్తం 50. గడ్డ కట్టేది అక్కడ, గేజ్ ఉన్నచోట కాదు. ట్విన్ తెర మీద ప్లాట్‌ఫాం పీడనం పక్కనే లైన్‌లో అత్యధిక పీడనమున్న చోటు కూడా కనిపించాలి.

మళ్లీ తెరిచేటప్పుడు చోక్ ముందు 250 బార్, వెనక 60 బార్ ఉంటే గ్యాస్ వ్యాకోచించి ఉష్ణోగ్రత సున్నా కంటే బాగా కిందికి పోతుంది. చోక్ తెరవక ముందే దానికి ఎగువన మెగ్ నిండాలి, వీలైతే లైన్ పీడనం ముందుగా పెంచుకోవాలి. చోక్ ఎన్ని మెట్లలో, ఎంత వ్యవధితో తెరవాలన్నది రెండు మూడు రకాలుగా ట్విన్‌లో నడిపి చూడండి. ఇందుకు నమూనా నిజకాలం కంటే కనీసం పది రెట్లు వేగంగా నడవాలి, లేకపోతే జవాబు వచ్చేసరికి బావి తెరిచేసి ఉంటారు.

నడిపించే ఏర్పాట్లు

డేటా ప్లాంటు నుంచి బయటికి మాత్రమే రావాలి. మధ్యలో రక్షణ జోన్, వీలైతే ఒకే దిక్కుకు పంపే డేటా డయోడ్ పెట్టండి. పారిశ్రామిక సైబర్ భద్రతకు వాడే ఐఈసీ 62443 ప్రమాణం ప్రకారం జోన్లు గీయించుకోండి. ట్విన్ సెట్ పాయింట్‌ని (కంట్రోల్ సిస్టమ్ పాటించే లక్ష్య విలువ) తానే రాయకూడదు. సిఫార్సు అంకె ఇప్పటి అంకె పక్కన కనిపిస్తే చాలు, మార్చేది మనిషి.

మొదటి మూడు నెలలు ఊరికే పక్కన నడవనివ్వండి. ఆ సమయంలో ఆపరేటర్ చేసిందీ ట్విన్ చెప్పిందీ తేడా వచ్చిన ప్రతిసారీ ఎవరు సరైనవారో రాయించండి. ఆ పుస్తకం చూసే ఆపరేటర్లు ట్విన్‌ని నమ్మాలో వద్దో తేల్చుకుంటారు. నాణ్యత ఎలా పరీక్షించాలన్న దానికి 2020లో వచ్చిన డీఎన్‌వీ సంస్థ మార్గదర్శకం ఆర్‌పీ-ఏ204 మంచి చట్రం.

ట్విన్‌కి ఒక యజమాని పేరు రాసి ఉండాలి, విభాగం పేరు సరిపోదు. మార్పుల నిర్వహణ ఫారంలో "దీనివల్ల ట్విన్ నమూనా మారుతుందా?" అని ఒక గడి చేర్చండి. చోక్ మార్చినా, కొత్త బావి కలిపినా, ట్రాన్స్‌మిటర్ రేంజ్ మార్చినా ఆ గడి నిండాలి. నమూనా కొత్త వెర్షన్ వచ్చాక పాతదాన్ని ఒక నెలపాటు పక్కనే నడపండి. రెండూ ఇచ్చే మెగ్ అంకెల్లో 5 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే, కారణం కాగితం మీద పెట్టేదాకా కొత్తది కంట్రోల్ రూమ్ తెర మీదికి పోకూడదు.