చోక్ తీస్తే ఆగిపోయే ఆర్‌ఎక్స్ 100

మామయ్యవాళ్ల షెడ్డులో ఏళ్ల తరబడి మూలనపడ్డ యమహా ఆర్‌ఎక్స్ 100ని ఇంటికి తెచ్చుకున్నా. 98 సీసీ టూ స్ట్రోక్, 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన బండి. చోక్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే మీట) వేస్తే స్టార్టయ్యేది, తీయగానే టప్పున ఆగిపోయేది. అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదన్నమాట.

పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ విప్పితే గిన్నె అడుగున ముదురు పాకంలా పాత పెట్రోలు. పైలట్ జెట్‌ని, అంటే బండి నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు వదిలే చిన్న ఇత్తడి ముక్కని, వెలుతురుకి పట్టి చూస్తే రంధ్రమే కనపడలేదు. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, కరెంటు వైరులోంచి లాగిన సన్నటి రాగి పోగుతో పొడిచా. స్టీలు సూది మాత్రం వద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు పగుళ్లిచ్చింది, అక్కడా గాలి దూరుతుందని మార్చేశా. ఇంజిన్ వేడెక్కాక గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూ తిప్పుతూ, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఎక్కడ బాగా పెరిగితే అక్కడ ఆపా.

అసలు టెన్షన్ ఇంజిన్‌కి ఆయిల్ పంపించే ఆయిల్ పంపుతోనే. ఎండిన పైపులో గాలి చేరితే ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది. గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా ఆయిల్ కారనిచ్చా. అయినా మనసొప్పక, మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకి 20 మి.లీ. చొప్పున 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకి వాడే ఆయిల్) కలిపా. వీధంతా పొగే! ప్లగ్గు ఓసారి నల్లబడింది, తుడిచి పెట్టేశా.